ఏ కండెన్సర్‌కు ఏది బదులు

అటక మీద నుంచి పాత రేడియో దించగానే ఎవరి చెయ్యైనా ముందు ప్లగ్గు వైపే పోతుంది. పాడుతుందో లేదో చూద్దామన్న ఆత్రం. పదిహేను, ఇరవై ఏళ్లు కరెంటు మొహం చూడని వాల్వు సెట్టుకు ఆ ఒక్క నిమిషమే గండం. లోపల ఫిల్టర్ కండెన్సర్ షార్టయి ఉంటే రెక్టిఫయర్ వాల్వు మాడుతుంది, దాని వెనకాలే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి పొగ వదులుతుంది. కండెన్సర్‌దేముంది, స్పేర్‌పార్ట్స్ కొట్లో దొరుకుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం ఇప్పుడు ఏ కంపెనీ తయారు చెయ్యదు. ఎవరినో బతిమాలి మళ్లీ చుట్టించుకోవాల్సిందే.

అలాంటి పాత సెట్లు ఇంకా ఇళ్లలో ఉన్న ఊరు జంషెడ్‌పూర్. అక్కడ సాక్చీకి దగ్గరగా, సువర్ణరేఖ ఒడ్డున ఉన్న పేట భుయ్యాడీహ్. 1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టాక పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగువాళ్లు, ముఖ్యంగా ఉత్తరాంధ్ర వాళ్లు, ఈ ఊళ్లో తరాలుగా స్థిరపడ్డారు. బిష్టుపూర్ రామమందిరం, కదమాలోని ఆంధ్ర అసోసియేషన్ వాళ్లు నిలబెట్టుకున్నవే. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగుల ఊరు కావడం, కలకత్తా బజారు అందుబాటులో ఉండడం వల్ల ఈ ప్రాంతపు ఇళ్లలోకి రేడియో, గ్రామఫోన్ త్వరగానే వచ్చాయి. ఫిలిప్స్ 1948 నుంచి రేడియోలు తయారుచేసింది కలకత్తాలోనే. హెచ్‌ఎంవి ఫ్యాక్టరీ ఉన్నది డమ్‌డమ్‌లో. 1970లో సోనోడైన్ మొదలైందీ ఆ నగరంలోనే. టాటాలకు సొంత రేడియో కంపెనీ కూడా ఉండేది. 1940లో నేషనల్ ఎక్కో పేరుతో పుట్టి, తర్వాత నెల్కోగా మారిన సంస్థ అది. 1952లో రేడియో సిలోన్ నుంచి బినాకా గీత్‌మాలా, 1957లో వివిధ భారతి మొదలయ్యాక షార్ట్‌వేవ్ ఉన్న సెట్టు కొనడం ఆ ఇళ్లలో పెద్ద కోరిక. ఆ సెట్లలో కొన్ని ఇవాళ మనవల చేతికి వస్తున్నాయి.

వాటిని మళ్లీ పాడించాలనుకునేవాళ్లు ముందు తడబడేది కండెన్సర్ల దగ్గరే. ఎన్ని మార్చాలి, ఏ విలువది, ఎన్ని వోల్టులది, ఏ కంపెనీది, ఖరీదైనదా, మామూలుదా అని సందేహాల మీద సందేహాలు. సందేహం తీరనివాళ్లు సాధారణంగా రెండు తోవల్లో ఒకటి పడతారు. ఒకరు ఏదీ ముట్టుకోకుండా పాడినన్నాళ్లు పాడనిస్తారు. ఇంకొకరు ఆదివారం పూట కూర్చుని కనిపించిన ప్రతి కండెన్సర్‌నూ పీకేసి, సాయంత్రానికి మూగబోయిన సెట్టును ముందేసుకుంటారు. రెండో తోవ మొదటిదాని కంటే ప్రమాదం. ఎందుకంటే ముప్ఫై టాకాలు ఒకేసారి ఊడదీశాక తప్పు ఎక్కడ జరిగిందో ఆనవాలు దొరకదు.

సర్క్యూట్లో ఆ కండెన్సర్ ఏం పని చేస్తోందో తెలిస్తే, దాని బదులు ఏం కొనాలన్న ప్రశ్న చాలావరకు తనంతట తానే తేలిపోతుంది. ఒకే సెట్టులో ఒకటి కరెంటులోని హమ్‌ను మింగుతుంది, ఒకటి డీసీని ఆపి పాటను మాత్రం పంపుతుంది, ఒకటి స్టేషన్ పట్టడానికి కాయిల్‌తో జతకడుతుంది, ఒకటి మెయిన్స్ తీగల మధ్య నిలబడి గరగరను అణుస్తుంది. ఈ నాలుగింటి వయసు ఒకటే అయినా ఆయుష్షు ఒకటి కాదు.

అన్నింటికంటే ముందు చూడాల్సింది, అన్నింటికంటే చిన్నదిగా కనిపించేదే. అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు వెళ్లే కప్లింగ్ కండెన్సర్ అది. సాధారణంగా 0.01 నుంచి 0.047 మైక్రోఫారడ్ మధ్య ఉంటుంది. 1950ల సెట్లలో ఇది మైనం పట్టించిన కాగితంతో చేసింది. ఫిలిప్స్ సెట్లలో తారు పూసిన నల్ల గొట్టంలా, ఇంగ్లండ్ తయారీ విడిభాగాలున్న సెట్లలో హంట్స్ మార్కుతో కనిపిస్తుంది. కాగితం తేమ పీల్చుకుంటుంది. నది ఒడ్డున వానాకాలాలు ఎన్నో చూసిన కాగితం సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అలా లీకేజీ మొదలవుతుంది.

ఆ లీకేజీ ఏం చేస్తుందో ఒక లెక్క వేసి చూడవచ్చు. ముందు వాల్వు ప్లేటు మీద 100 వోల్టులు ఉన్నాయనుకుందాం. కండెన్సర్ లీకేజీ 10 మెగోమ్‌లు, అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్ రెసిస్టెన్స్ 470 కిలో ఓమ్‌లు. 10 మెగోమ్‌లంటే మామూలు లెక్కలో చాలా పెద్ద రెసిస్టెన్స్. కానీ గ్రిడ్ దగ్గరికి దాదాపు 4.5 వోల్టుల పాజిటివ్ వచ్చి చేరుతుంది. ఈఎల్ 84 వాల్వు 250 వోల్టుల మీద 48 మిల్లీ ఆంపియర్లు లాగుతూ పనిచెయ్యాలంటే గ్రిడ్ మైనస్ 7.3 వోల్టుల దగ్గర ఉండాలి. ఆ మామూలు స్థితిలోనే దాని ప్లేటు మోసే బరువు 12 వాట్లు, అంటే దానికి అనుమతించిన గరిష్ఠ పరిమితి. అక్కడ నుంచి 4.5 వోల్టులు పైకి నెట్టితే క్యాథోడ్ రెసిస్టెన్స్ కొంత సర్దుబాటు చేసినా కరెంటు పెరగక తప్పదు. పాట మొదట బాగానే వినిపిస్తుంది, పావుగంటకు గరగరమంటుంది. ఆ తర్వాత ప్లేటు ఎర్రబడుతుంది. అదృష్టం బాగుంటే వాల్వు పోతుంది, బాగోకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

దీన్ని మామూలు కెపాసిటెన్స్ మీటరు పట్టుకోలేదు. మీటరు పెట్టే వోల్టేజీ చాలా తక్కువ. పైగా లీకేజీ ఉన్న కండెన్సర్ చాలాసార్లు అసలు విలువ కంటే ఎక్కువ చూపిస్తుంది. 0.01 అని రాసి ఉన్నది 0.013 చూపిస్తే కొత్తవాళ్లు గట్టిగానే ఉందనుకుంటారు. అది జబ్బుకు గుర్తు. సరైన పరీక్ష ఏమిటంటే, గ్రిడ్ వైపు కాలు ఊడదీసి, గ్రిడ్ రెసిస్టెన్స్‌ను దాని చోట అలాగే ఉంచి, సెట్టు ఆన్ చేసి, ఊడదీసిన కాలుకూ చాసీకీ మధ్య డిజిటల్ మల్టీమీటరు పెట్టి డీసీ వోల్టేజీ చూడడం. డిజిటల్ మీటరు లోపలి రెసిస్టెన్స్ సాధారణంగా 10 మెగోమ్‌లు కాబట్టి పైన చెప్పిన ఉదాహరణలో మీటరు ఏకంగా 50 వోల్టులు చూపిస్తుంది. మొదట ఒక్క క్షణం ముల్లులా లేచి పడిపోయే అంకెను పట్టించుకోనక్కర్లేదు. నిలకడగా ఒక వోల్టు దాటితే మార్చెయ్యడమే. నిజానికి ఆ చోట కాగితపు కండెన్సర్ ఉందని తెలిశాక పరీక్ష కూడా అవసరం లేదు. ఇంత చిన్న వస్తువు చేతిలో ఇంత విలువైన వాల్వును పెట్టడం తెలివైన పని కాదు.

దాని బదులు ఏది? అదే విలువ గల పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ ఫిల్మ్, 400 లేక 630 వోల్టులది. అంతే. ఈ చోటుకోసం వెండి రేకు, నూనెలో నానబెట్టిన కాగితం అంటూ వేలకు వేలు పోసేవాళ్లున్నారు. ఐదు వాల్వుల రేడియోలో, ఆరంగుళాల స్పీకరు ముందు, ఆ డబ్బుకు ఫలితం కనిపించదు. ఒడ్డూ పొడుగూ ఉన్న పెద్ద ఫిల్మ్ కండెన్సర్‌ను గ్రిడ్ దగ్గర ఇరికిస్తే పక్కనున్న మెయిన్స్ తీగల నుంచి హమ్ లాక్కునే అవకాశం కూడా ఉంది. చిన్నగా, పొట్టి కాళ్లతో కూర్చునేదే మేలు. అవే విలువల్లో సెరామిక్ డిస్కులు చవగ్గా దొరుకుతాయి. వాటిలో ఎక్స్7ఆర్ లాంటి రకాల విలువ, మీద పడే వోల్టేజీని బట్టి మారిపోతుంది. పాట వెళ్లే దారిలో వాటిని పెట్టకపోవడం మంచిది.

ఇక ఫిల్టర్ కండెన్సర్లు. చాసీ మీద అల్యూమినియం డబ్బాలా నిలబడి ఉండేవి, ఒకే డబ్బాలో 32 ప్లస్ 32, 50 ప్లస్ 50 అని రెండు భాగాలతో వచ్చేవి. లోపల అల్యూమినియం రేకు, దాని మీద అతి పలుచని ఆక్సైడ్ పొర, మధ్యలో ద్రవం పీల్చుకున్న కాగితం ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ద్రవం ఆరిపోతుంది. సెట్టు వాడకపోతే ఆక్సైడ్ పొర కూడా పలచబడుతుంది. అందుకే వాడకుండా దాచిన సెట్టు, రోజూ వాడిన సెట్టు కంటే ఒక్కోసారి అధ్వాన్నంగా ఉంటుంది. డబ్బా అడుగున తెల్లటి పొట్టు కట్టినా, రబ్బరు ఉబ్బినా, జిగట కారినా ఆలోచించాల్సిన పనే లేదు.

రెసిస్టెన్స్ ద్వారా మెల్లగా వోల్టేజీ ఎక్కించి పాత ఎలెక్ట్రోలైటిక్‌ను మళ్లీ దారికి తెచ్చే పద్ధతి ఉంది. మ్యూజియంలో పెట్టే సెట్టుకు అది గౌరవం. రోజూ సాయంత్రం భజనలు వినే ఇంట్లో కొత్తదే వెయ్యాలి. పాత డబ్బా అందంగా ఉంటే దాన్ని చాసీ మీదే అలంకారంగా ఉంచి, తీగలన్నీ విప్పేసి, కొత్తవి చాసీ కింద బిగించవచ్చు. చచ్చిన డబ్బాకు సమాంతరంగా కొత్తది తగిలించి ఊరుకోవడం మాత్రం కొంతమంది మెకానిక్కులు చేసే పొరపాటు. హమ్ ఆ రోజుకు తగ్గుతుంది, పాతదాని లీకేజీ అలాగే ఉండిపోతుంది. అది షార్టయిన రోజున కొత్తది ఉన్నా లేనట్టే.

విలువల విషయంలో కంగారు వద్దు. పాత సెట్లలో 8, 16, 32, 50 మైక్రోఫారడ్‌లు కనిపిస్తాయి. ఇప్పుడు దొరికేవి 10, 15, 22, 33, 47. 8 బదులు 10, 16 బదులు 15 గానీ 22 గానీ, 32 బదులు 33, 50 బదులు 47 వెయ్యవచ్చు. కొత్తగా ఉన్నప్పుడే ఆ పాత ఎలెక్ట్రోలైటిక్‌ల అసలు విలువ రాసినదానికంటే బాగా ఎక్కువగా ఉండడం మామూలే కాబట్టి ఈ తేడా సెట్టుకు తెలియదు.

ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిదనే నమ్మకం ఒకటి ఉంది. అది వాల్వు రెక్టిఫయర్ దగ్గర బెడిసికొడుతుంది. సెట్టు వేసినప్పుడల్లా మొదటి కండెన్సర్ నిండడానికి రెక్టిఫయర్ ఒక్కసారిగా పెద్ద కరెంటు ఇవ్వాలి. ఆ కరెంటుకు తట్టుకోగలిగే హద్దును తయారీదార్లే రాసిపెట్టారు. ఈజెడ్ 80 వాల్వుకు 50 మైక్రోఫారడ్‌లు, జీజెడ్ 34కు 60. హమ్ పూర్తిగా పోవాలని అక్కడ 220 వేసినవాళ్లు కొన్నాళ్లకు వాల్వు లోపల మెరుపులు చూస్తారు. హమ్ ఇంకా తగ్గాలనుకుంటే, రెక్టిఫయర్‌ను నేరుగా తాకని రెండో కండెన్సర్‌ను కాస్త పెంచుకోవచ్చు.

వోల్టేజీ దగ్గర మాత్రం ఉదారంగా ఉండాలి. 250-0-250 ట్రాన్స్‌ఫార్మర్ అంటే కండెన్సర్ మీద 250 పడుతుందని కాదు. ఏసీ శిఖరం 1.414 రెట్లు, అంటే సుమారు 353 వోల్టులు. వాల్వులన్నీ వేడెక్కి కరెంటు లాగడం మొదలయ్యేదాకా ఆ పూర్తి ఒత్తిడి కండెన్సరే మొయ్యాలి. ఈజెడ్ 80 తాపీగా వేడెక్కే వాల్వు కనుక కొంత కాపాడుతుంది. కానీ మన దేశంలో వాల్వులు దొరకని రోజుల్లో ఎందరో మెకానిక్కులు రెక్టిఫయర్ వాల్వు తీసేసి బీవై 127 డయోడ్‌లు పెట్టారు. డయోడ్ స్విచ్ వేసిన మరుక్షణమే పనిచేస్తుంది. మిగతా వాల్వులు లేచేదాకా కండెన్సర్ల మీద పూర్తి వోల్టేజీ నిలబడుతుంది. అలాంటి సెట్టులో పాత డబ్బా మీద 350 అని ఉందని 350 కొనడం తప్పు, 450 కొనాలి. ముందు చాసీ తిప్పి, ఎవరో ఎప్పుడో డయోడ్‌లు పెట్టారేమో చూడాలి.

జంషెడ్‌పూర్ ఎండాకాలంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. వాల్వుల వేడి తోడై, వెనక అట్ట మూసిన చెక్కపెట్టె లోపల 65 డిగ్రీలు ఉందనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. ఎలెక్ట్రోలైటిక్ చుట్టూ వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందన్నది పరిశ్రమ వాడే లెక్క. 85 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసి ఉన్నది 65 డిగ్రీల దగ్గర 8000 గంటలు వస్తుంది. రోజుకు నాలుగు గంటలు పాడితే ఐదున్నరేళ్లు. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసి ఉన్నది అదే పెట్టెలో 32,000 గంటలు, అంటే దాదాపు ఇరవై రెండేళ్లు. రెండింటి ధరలో తేడా కొద్దిగానే. కాబట్టి డబ్బు పెట్టదలచుకుంటే పేరున్న బ్రాండు మీద కంటే ముందు ఆ 105 అనే అంకె మీద పెట్టడం న్యాయం. బిగించేటప్పుడు అవుట్‌పుట్ వాల్వుకూ, వేడెక్కే పెద్ద రెసిస్టెన్స్‌లకూ దూరంగా జరపాలి. వేడి జిగురు గన్నుతో అతికిస్తే వాల్వు సెట్టులో ఆ జిగురే కరిగి జారుతుంది.

ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ల దగ్గర ఇంకో రకం జాగ్రత్త కావాలి. ఓసీ 72, ఏసీ 128 లాంటి జర్మేనియం పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లతో చేసిన పాత రికార్డు ప్లేయర్లు, రేడియోలు చాలావాటిలో చాసీకి తగిలించింది బ్యాటరీ పాజిటివ్. చాసీ అంటే నెగటివ్ అని అలవాటుపడ్డ చెయ్యి కొత్త ఎలెక్ట్రోలైటిక్‌ను తిరగేసి పెడుతుంది. తిరగబడిన ఎలెక్ట్రోలైటిక్ వేడెక్కి, ఉబ్బి, చివరకు పేలుతుంది. అందుకే ఊడదీసే ముందు పాతదాని ఏ కాలు ఎటు ఉందో కాగితం మీద బొమ్మ వేసుకోవాలి, ఫోన్‌తో ఫోటో కూడా తీసుకోవాలి. ఒకటి ఊడదీసి, దాని చోట ఒకటి పెట్టి, ఆ తర్వాతే రెండోదాని వైపు చూడాలి. నాలుగైదు మార్చాక ఒకసారి సెట్టు పాడించి వినాలి. నెమ్మదిగా జరిగే పనే, కానీ తప్పు జరిగితే అది చివరి నాలుగైదింటిలోనే ఉంటుంది.

ఈ యాంప్లిఫయర్లలో స్పీకరుకు ముందు ఒక పెద్ద కండెన్సర్ ఉంటుంది. దాని విలువ తగ్గిపోతే తబలా, మృదంగం ముందుగా మాయమవుతాయి. 8 ఓమ్‌ల స్పీకరుతో 1000 మైక్రోఫారడ్ సుమారు 20 హెర్ట్జ్ దాకా పంపుతుంది. అదే కండెన్సర్ 4 ఓమ్‌ల స్పీకరుతో 40 హెర్ట్జ్ దగ్గరే పలచబడుతుంది. పాత 8 ఓమ్‌ల స్పీకరు పోయి 4 ఓమ్‌లది పెట్టినవాళ్లు ఇక్కడ 2200 వేసుకోవచ్చు, చోటు సరిపోతే.

జపాన్ స్టీరియోలు తెరిచినప్పుడు పెద్ద కండెన్సర్ల అడుగున గోధుమ రంగుకు తిరిగిన జిగురు కనిపిస్తే వదిలిపెట్టకూడదు. కదలకుండా ఉండాలని ఫ్యాక్టరీలో పూసిన ఆ జిగురులో కొన్ని రకాలు పాతబడేకొద్దీ పక్కనున్న కాళ్లను తినేస్తాయి, కరెంటును కూడా పారనిస్తాయి. కండెన్సర్ మంచిదే అయినా జిగురంతా గీకెయ్యాలి.

మెయిన్స్ తీగల మధ్య ఉన్న కండెన్సర్ విషయంలో మాత్రం సర్దుబాట్లు ఉండవు. అక్కడ 630 వోల్టుల మామూలు ఫిల్మ్ సరిపోతుందనిపిస్తుంది, 230 కంటే ఎంతో ఎక్కువ కదా అని. మెయిన్స్‌లో పిడుగు, మోటారు స్విచ్చి వంటి వాటివల్ల తటాలున ఎగసే వోల్టేజీకి అది షార్టయి మంటకు దారితీయవచ్చు. రెండు తీగల మధ్య ఎక్స్2 గుర్తు, తీగకూ చాసీకీ మధ్య వై2 గుర్తు ఉన్నవే వాడాలి. అవి చెడిపోవలసి వచ్చినా మనిషికి హాని చేయని తీరులో చెడిపోయేలా పరీక్షించి అమ్ముతారు. పాత రెవాక్స్ టేప్ రికార్డర్లలో కనిపించే రీఫా పీఎంఈ 271 రకం, పారదర్శకమైన పైపొర సన్నగా బీటలు వారి ఉంటే, ఇంకా పనిచేస్తున్నా తీసెయ్యాలి. ఆ బీటల్లోంచి తేమ దూరి ఒకనాడు గది నిండా పొగ చేస్తుంది.

అసలు ప్రాణం మీదికి తెచ్చేది ఏసీ డీసీ రెంటికీ పనిచేసే సెట్టు. యూసీఎల్ 82, యూఎల్ 84 లాంటి యూ అక్షరంతో మొదలయ్యే వాల్వులుంటే అదే అని అనుమానించాలి. అందులో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ప్లగ్గు తిరగబడితే చాసీ మొత్తం 230 వోల్టుల మీద ఉంటుంది. ఇప్పటి పిల్లలు వెనకనున్న పికప్ సాకెట్‌కు ఫోన్ తగిలించి పాటలు పెట్టాలనుకుంటారు. ఈ రకం సెట్టుకు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఆ పని చేయనివ్వకూడదు. కేవలం కండెన్సర్లు మార్చడానికైనా దాన్ని అనుభవమున్న మెకానిక్ చేతిలో పెట్టడమే మంచిది.

మార్చకూడనివి కూడా ఉన్నాయి. ఆవాల పసుపు రంగులో ఉండే ఫిలిప్స్ పాలియెస్టర్ కండెన్సర్లు, రంగు చారలున్న పాలియెస్టర్‌లు సాధారణంగా ఇప్పటికీ గట్టిగానే ఉంటాయి. ఐఎఫ్ డబ్బాల్లో, ట్యూనింగ్ దగ్గర ఉన్న సిల్వర్ మైకా, చిన్న సెరామిక్‌లను ఊరికే ముట్టుకుంటే 455 కిలోహెర్ట్జ్ దగ్గర కుదిర్చిన అమరిక చెదిరి స్టేషన్లు బలహీనపడతాయి. మళ్లీ కుదర్చడానికి సిగ్నల్ జనరేటరు కావాలి. అన్నీ కొత్తవైపోయాయన్న తృప్తి కోసం ఆ పని చెయ్యడం సెట్టుకు అన్యాయం.

స్పీకరు పెట్టెల్లోని క్రాసోవర్‌ల సంగతి సులువే. అక్కడ ఉండేవి ప్లస్, మైనస్ లేని బైపోలార్ ఎలెక్ట్రోలైటిక్‌లు. మామూలు ఎలెక్ట్రోలైటిక్ అక్కడ పనికిరాదు. పాలీప్రొపిలీన్ వేస్తే ఇంకా మేలు. దాని అంతర్గత నష్టం తక్కువ కాబట్టి ట్వీటరు కొంచెం ముందుకొచ్చి చెవికి గుచ్చుకోవచ్చు. అప్పుడు వరసలో అర ఓమ్ రెసిస్టెన్స్ ఒకటి పెట్టి చూడాలి. సీలింగ్ ఫ్యాన్‌కు వేసే 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్ కూడా పాలీప్రొపిలీనే. విలువ కుదిరితే అది క్రాసోవర్‌లో నిక్షేపంగా పనిచేస్తుంది. చూపుకు మోటుగా ఉన్నా పెట్టె లోపలే కదా ఉండేది.

ఎక్కడ కొనాలన్నది చివరి చిక్కు. ఫ్యాన్ కండెన్సర్ ఏ వీధిలోనైనా దొరుకుతుంది, 450 వోల్టుల ఎలెక్ట్రోలైటిక్‌కు మాత్రం వెతకాలి. టాటానగర్ నుంచి పొద్దున్నే స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే హౌరా చేరి కలకత్తా చాందినీ చౌక్ కొట్లు తిరగవచ్చు. సెలవులకు దక్షిణం వైపు వెళ్లేవాళ్లకు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఉన్నాయి. కన్నూరులో తయారయ్యే కెల్ట్రాన్, జపాన్ కంపెనీల నిచికాన్, రూబికాన్, పానాసోనిక్ నమ్మదగినవే, అసలు సరుకైతే. ఆ చివరి మాటే ముఖ్యం. పాత బోర్డుల నుంచి ఊడదీసి కొత్త తొడుగు వేసినవి, పెద్ద డబ్బాలో చిన్న కండెన్సర్ దాచినవి బజారులో తిరుగుతూనే ఉంటాయి. కాళ్లకు టిన్ను మెరుపు లేకుండా పాత లెడ్ అంటుకుని ఉందా, కాళ్లు ఇదివరకే కత్తిరించి ఉన్నాయా, అదే సైజు అసలుదానికంటే చేతికి తేలిగ్గా ఉందా చూడాలి. అనుమానం ఉంటే కంపెనీ అధీకృత డీలరు దగ్గరే కొనాలి. పాత స్టాకు పేరుతో ముప్ఫై ఏళ్ల కిందటి ఎలెక్ట్రోలైటిక్‌లు అమ్మజూపితే, పెట్టె సీలు విప్పకపోయినా, వద్దనాలి. డబ్బాలో కూర్చున్నా వాటికి వయసు ఆగదు.

అన్నీ బిగించాక కూడా నేరుగా ప్లగ్గు పెట్టకూడదు. సెట్టుకు వరసగా 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టిన సిరీస్ బోర్డు ఒకటి చేసుకోవాలి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టు బాగుంటే బల్బు ఒక్కసారి వెలిగి, తగ్గి, వాల్వులు లేచేకొద్దీ మసకగా నిలుస్తుంది. నిండుగా వెలిగి అలాగే ఉంటే లోపల షార్టు ఉన్నట్టే, వెంటనే తీసెయ్యాలి. డిమ్మర్‌స్టాట్ ఉన్నవాళ్లు వోల్టేజీని కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు, దానితో పాటు బల్బు కూడా ఉంటే ఇంకా మంచిది. ప్లగ్గు తీశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో చంపేంత కరెంటు మిగులుతుంది. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టెన్స్‌ను బాగా తొడుగున్న తీగతో చాసీకీ కండెన్సర్‌కూ మధ్య కొన్ని క్షణాలు ఆనించి, మీటరులో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. రెండో చెయ్యి జేబులో ఉంచుకోవాలని పాత మెకానిక్కులు చెప్పేది ఇందుకే.

బల్బు తీసేసి మామూలుగా నడిపిన మొదటి గంట సెట్టు పక్కనుంచి కదలకూడదు. పది నిమిషాలకొకసారి అవుట్‌పుట్ వాల్వు క్యాథోడ్ వోల్టేజీ రాసుకోవాలి. ఈఎల్ 84కు అది సుమారు 7 వోల్టుల దగ్గర కుదురుకుని నిలబడాలి. మెల్లగా ఎక్కుతూ పోతుంటే గ్రిడ్ వైపు ఇంకా ఏదో లీకవుతున్నట్టు. గంట తర్వాత ప్లగ్గు తీసి, కండెన్సర్లు ఖాళీ చేసి, కొత్త ఫిల్టర్ కండెన్సర్‌ను వేలితో తాకి చూడాలి. పక్కనున్న గాలికంటే కొంచెం వెచ్చగా ఉంటే ఫర్వాలేదు, వేలు ఆనించలేనంత వేడెక్కితే అది తిరగబడి ఉందేమో, దాని వోల్టేజీ చాలడం లేదేమో మళ్లీ చూడాలి. అలా రెండు మూడు సాయంత్రాలు నడిచి, అంకెలు కదలకుండా ఉన్నాక వెనక అట్ట మూసి స్క్రూలు బిగించవచ్చు.